గల్లీ మొగదల నిలబడ్డవాడి కథ

ఖాలిద్ హొసేనీ నవల ‘ది కైట్ రన్నర్’ 2003లో వచ్చింది. చిన్ననాటి స్నేహం, ద్రోహం, అపరాధ భావన, చివరికి ప్రాయశ్చిత్తం - దాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ వరసలోనే మెచ్చుకుంటారు. నా పేచీ మొదటి మాట దగ్గరే మొదలవుతుంది. యజమాని కొడుక్కీ, నౌకరు కొడుక్కీ మధ్య ఉన్నది స్నేహమేనా? అది తేల్చకుండా ద్రోహం దగ్గరికి దూకేస్తే నవల సగమే చదివినట్టు.

కథ చాలామందికి తెలిసిందే. కాబూల్‌లో పష్తూన్ ధనవంతుడు బాబా, అతని కొడుకు అమీర్. అదే ఆవరణలో మట్టి గుడిసెలో హజారా నౌకరు అలీ, అతని కొడుకు హసన్. ఇద్దరు పిల్లలూ ఒకే దాది పాలు తాగారు, ఒకే దానిమ్మ చెట్టు కింద ఆడుకున్నారు. కానీ పొద్దున్నే లేచి అమీర్‌కి నాస్తా పెట్టి, బట్టలు ఇస్త్రీ చేసి, పుస్తకాలు సర్ది బడికి పంపేది హసన్. బడికి పోయేది అమీర్. హసన్‌కి అక్షరం రాదు, అమీర్ చదివి వినిపిస్తే వింటాడు. తెలియని మాటకి అర్థం అడిగితే అమీర్ తప్పుడు అర్థం చెప్పి లోపల నవ్వుకుంటాడు. 1975 చలికాలం నాటి గల్లీ కంటే ముందే, ఈ చెట్టు కిందే ద్రోహం జరిగిపోయిందని నా అభిప్రాయం. గల్లీలో అది బయటపడింది, అంతే.

హజారాలది కులం కాదు. అదొక జాతి, ఎక్కువమంది షియాలు. 1890లలో అబ్దుర్ రహ్మాన్ వాళ్ల తిరుగుబాటుని అణిచేసి ఎందరినో బానిసలుగా అమ్మించాడు. చట్టంలో బానిసత్వం పోయింది 1923 రాజ్యాంగంతో. కాబట్టి హజారా అంటే దళితుడు అని గీత గీసినట్టు చెప్పేస్తే పొరపాటే. అయినా తెలంగాణలో పుట్టినవాడికి హసన్ కొత్తవాడేం కాదు. దొర కొడుకుతో చిర్రగోనె ఆడి, గోటీలాడి, అతని బడిసంచి మోసుకుపోయి బడి బయటే ఆగిపోయిన జీతగాడు మన ఊళ్లల్లో ఎంతమంది లేరు? నవలలో పతంగుల పోటీ జరిగిన ఆ 1975లోనే, అక్టోబర్‌లో, మన దేశంలో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. కాగితం మీద జీతగాడు విడుదలైన చలికాలమే హసన్ ఆ తెగిన నీలం పతంగి వెనక పరిగెత్తాడు.

పతంగి సంగతి హైదరాబాదు వాళ్లకి చెప్పక్కర్లేదు. పేంచ్ వేసేవాడొకడు, వెనక చరఖా పట్టేవాడొకడు. ‘అఫా’ అని అరిచేది మొదటివాడు, తెగినదాని కోసం గోడలు దూకేది రెండోవాడు. హసన్ దాన్ని పట్టుకున్నాడు. ఆసిఫ్ అనే ధనిక పిల్లవాడు గల్లీలో అడ్డగించి పతంగి ఇమ్మన్నాడు. ఇవ్వనన్నందుకు అతని మీద అత్యాచారం చేశాడు. అమీర్ గల్లీ మొగదల నిలబడి చూసి వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత, రోజూ హసన్ మొహం చూడలేక, తన చేతిగడియారం, డబ్బులు అతని పరుపు కింద పెట్టి దొంగతనం అంటగట్టాడు. తానే తీశానని హసన్ ఒప్పేసుకున్నాడు. ఈ రెండో ద్రోహం గురించి విమర్శకులు ఎక్కువ మాట్లాడరు. మనకైతే ఇదే గుచ్చుకుంటుంది. పెద్దింట్లో ఏది కనపడకపోయినా ముందు వెతికేది ఎవరి మూటో మనకి తెలుసు గదా.

ఆ మధ్య మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ ఉద్యోగులు ఈ నవల మీద చర్చ పెట్టుకుంటే నన్నూ పిలిచారు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కి దగ్గరలోనే. అందరూ బాగా చదువుకుని వచ్చారు. ఒకమ్మాయి అమీర్ బాధ చెబుతూ కళ్లు తుడుచుకుంది. చిన్నప్పుడు తామూ ఎవరికో ఒకరికి అన్యాయం చేశామని ఇద్దరు ముగ్గురు నిజాయితీగానే ఒప్పుకున్నారు. గంటన్నర అయింది. ఒక కుర్రవాడు మాత్రం నోరు విప్పలేదు. కింద చాయ్ బండి దగ్గర పక్కకొచ్చి అన్నాడు: “అన్నా, అందరు అమీర్ గురించే మాట్లాడిండ్రు. అలీ ఏమైండని ఎవలన్న అడిగిండ్రా? మా నాయిన అలీ అసుంటోడే. దొరోళ్ల ఇంట్ల జీతమున్నడు. దొర కొడుకు, మా నాయిన ఈడుజోడు. దోస్తులమని ఆయన ఇప్పటికీ చెప్తడు. మా నాయిన బాంచెన్ అనుడు బంజేసిండు గని దొరా అనుడు బంజెయ్యలే.”

నిజమే, అలీ గురించి నేనూ మాట్లాడలేదు. బాబా, అలీ కూడా చిన్నప్పటినుంచి కలిసి పెరిగినవాళ్లే. లోకంలో దొంగతనం తప్ప వేరే పాపం లేదని కొడుక్కి నేర్పిన బాబా, అలీ భార్యతో హసన్‌ని కన్నాడు. ఆ సంగతి దాచి, అలీ వెళ్లిపోయేదాకా అతని చేత చాకిరీ చేయించుకున్నాడు. దొంగతనం అంటగట్టిన రోజు అలీ కొడుకుని తీసుకుని వెళ్లిపోతుంటే బాబా ఏడుస్తాడు. అలీ ఆగడు. నవల మొత్తం మీద నౌకరు తన సొంత నిర్ణయంతో వేసిన అడుగు అదొక్కటే. రచయిత అలీతో పాటు ఆ బస్సెక్కడు, అమీర్‌తోనే వెనక్కొస్తాడు. తర్వాత అలీ మందుపాతర పేలి చనిపోయాడని మనం ఎవరో చెబితే వింటాం.

ఇక్కడే నాకు పెద్ద చిక్కు. హసన్ తన సవతి తమ్ముడని తెలిశాకే అమీర్ కాబూల్ బయల్దేరతాడు. అంతకుముందు రహీం ఖాన్ అడిగినప్పుడు డబ్బిచ్చి ఇంకొకర్ని పంపుదామని చూసినవాడే. అంటే హసన్ హజారాగా, నౌకరుగా, మనిషిగా అడగలేని బాకీని బాబా రక్తం అడగగలిగింది. ఆ రక్తసంబంధం లేకపోతే బాకీ లేదా?

తెలుగులో దీనికి పాత చుట్టం ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవెల్లూరు జైల్లో రాసిన ‘మాలపల్లి’. పాలేరు సంగదాసు, ఆ రైతింటి రామానాయుడు స్నేహితులు. సంగదాసుని చౌదరయ్య కొట్టి చంపుతాడు. అతని పేరు మీద పీఠం వెలుస్తుంది, నవల రెండో పేరే సంగవిజయం. ఉన్నవ చిత్తశుద్ధిని శంకించను. బ్రిటిష్ ప్రభుత్వం ఊరికే నిషేధించలేదు ఆ పుస్తకాన్ని. కానీ పోలిక చూడండి. సంగదాసు చచ్చి పీఠమయ్యాడు. హసన్ ఆ ఇంటిని తాలిబాన్లకి వదలనన్నందుకు తుపాకి దెబ్బకి చచ్చి, ముందే రాసిపెట్టిన ఒక ఉత్తరమయ్యాడు. ఆ ఉత్తరంలో కోపం లేదు. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో అమీర్ మీద ఒక్క నిందైనా వెయ్యడు. ఆదర్శవంతుడైన పీడితుడు బతికుంటే అగ్రవర్ణ కథకి ఇబ్బంది. 2000లో వచ్చిన వేముల ఎల్లయ్య ‘కక్క’, కల్యాణరావు ‘అంటరాని వసంతం’ చదివినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ కథ ఎవరి పశ్చాత్తాపం కోసమూ కాచుక్కూర్చోదు.

ఈ కారిడార్‌లోనే, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2016 జనవరిలో హాస్టళ్ల నుంచి వెలివేసిన ఐదుగురు దళిత విద్యార్థులు అక్కడ వెలివాడ కట్టుకుని ఆరుబయట పడుకున్నారు. 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత నివాళులు వెల్లువెత్తాయి. ఆ చలిరాత్రుల్లో మనలో ఎంతమందిమి గల్లీ మొగదల ఉన్నాం? ఈ ప్రశ్నలో నన్నూ కలుపుకునే అడుగుతున్నాను.

హొసేనీ నిజం చెప్పిన చోట్లు లేకపోలేదు. ఆసిఫ్ చేత తన్నులు తింటూ అమీర్ నవ్వుతాడు, భారం దిగినట్టు. కానీ అతని ప్రాణం కాపాడింది హసన్ కొడుకు సొహ్రాబ్ ఉండేలు దెబ్బ. ప్రాయశ్చిత్తానికి వెళ్లినవాడికి కూడా మళ్లీ ఆ ఇంటి పిల్లవాడే చాకిరీ చెయ్యాల్సి వచ్చింది! అనాథాశ్రమానికి పంపనన్న మాట అమీర్ తప్పబోతే ఆ పిల్లవాడు మణికట్టు కోసుకున్నాడు. అమెరికా వెళ్లాక నెలల తరబడి మాట్లాడలేదు. థాంక్స్ చెప్పడు, క్షమించడు. ఫ్రీమాంట్ పార్కులో పతంగి ఎగరేసినప్పుడు పెదవి ఒక మూల కదులుతుంది, అంతే. ఈసారి అమీరే తెగిన పతంగి వెనక పరిగెత్తుతాడు. ఆ పార్కు చివర ఆసిఫ్ ఎవడూ కాచుకుని లేడు.

చాయ్ బండి దగ్గర కుర్రవాడు ఈ చివరి భాగం చదవలేదట. హసన్‌ని కాల్చేసిన దగ్గర పుస్తకం మూసేశాడట. సొహ్రాబ్ కోసమైనా మిగిలింది చదవమన్నాను. చూస్తా అన్నా, అన్నాడు.