కేటపుల్టు నమూనాలు: ఒక విమర్శ

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో తరచుగా కనిపించు నమూనాలలో కేటపుల్టు ఒకటి. కొన్ని ఐస్‌క్రీం పుల్లలు, నాలుగు రబ్బరు బాండ్లు, ఒక ప్లాస్టిక్ చెంచా ఉన్నచో ఒక సాయంకాలములో తయారగును. చెంచాను వెనుకకు వంచి వదలగానే ఉండ ఎగిరి పడును, చూచువారు సంతోషింతురు. ప్రక్కన అట్టమీద “స్థితిజశక్తి గతిజశక్తిగా మారును”, “45 డిగ్రీలవద్ద వ్యాప్తి గరిష్ఠము” అని వ్రాసియుండును. రెండును సత్యములే. కాని ఆ నమూనా వీటిలో దేనినైనను ఋజువు చేయుచున్నదా? చాలవరకు లేదు.

ముందు కోణము సంగతి. విద్యార్థి కోణమానినితో కొలుచునది, చేతికఱ్ఱ అడ్డుపట్టీకి తగిలి ఆగినపుడు నేలతో చేయు కోణము. ఉండ పోవునది చేతికఱ్ఱ దిశలో కాదు, దానికి లంబముగా. వృత్తములో తిరుగు వస్తువు స్పర్శరేఖ వెంటనే గదా విడివడును! వెనుకకు వాలి, నేలతో 60 డిగ్రీలు చేయుచు ఆగిన చేతికఱ్ఱనుండి ఉండ 30 డిగ్రీలతో బయలుదేరును. పట్టికలో మాత్రము 60 అని ఎక్కును. విచిత్రమేమనగా, ఈ తప్పు బయటపడదు. సమతలముపై వ్యాప్తి రెట్టింపు కోణపు సైనును అనుసరించును గనుక 30కి, 60కి ఒకే వ్యాప్తి. 45 వద్ద కోణము, దాని పూరకకోణము ఒకటే. తప్పుగా కొలిచినవాని గ్రాఫు కూడ ఒప్పుగానే కనిపించును! అడ్డుపట్టీని జరిపి, చేతికఱ్ఱ నిట్టనిలువుగా ఆగునట్లు చేసినచో గుట్టు తెలియును. 90 డిగ్రీలని వ్రాసికొన్న విద్యార్థి ఉండ పైకి పోవునని ఎదురుచూచును; అది నేలకు సమాంతరముగా దూసికొనిపోవును.

మరియొక చిక్కు కలదు. అడ్డుపట్టీని జరిపినపుడు కోణముతోపాటు చేతికఱ్ఱ తిరుగు మేర, దానితో వేగము కూడ మారును. కోణము మాత్రమే మారవలెనన్న చట్రమునంతను వాల్చవలెను. ఇక 1638లో ప్రకటించిన గ్రంథములో గెలీలియో నిరూపించిన 45 డిగ్రీల సూత్రము, బయలుదేరుచోటు, పడుచోటు ఒకే మట్టమున ఉండి, గాలి అడ్డగింపు లేనపుడే వర్తించును. బల్లమీదినుండి నేలకు విసరునపుడు గరిష్ఠవ్యాప్తి 45కు తక్కువ కోణముననే వచ్చును.

శక్తి సంగతి ఇంకను ముఖ్యము. నిట్టనిలువుగా ఆగు అమరిక ఇక్కడ బాగుగా పనికివచ్చును. నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తున అడ్డముగా బయలుదేరిన ఉండ నేలను చేరుటకు సుమారు 0.4 సెకను పట్టును. అది 2 మీటర్ల దూరమున పడినచో వేగము సెకనుకు 5 మీటర్లు. ఉండ బరువు 10 గ్రాములైనచో గతిజశక్తి 0.125 జౌలు. దీనితో పోల్చుటకు స్ప్రింగు త్రాసుతో చేతికఱ్ఱ కొనను ఒక్కొక్క సెంటీమీటరు లాగుచు, బలమునకు, జరిగిన దూరమునకు గ్రాఫు గీయవలెను. గ్రాఫు క్రింది వైశాల్యమే మనము చేసిన పని. అది 0.5 జౌలు వచ్చినదనుకొందము; ఉండకు దక్కినది పావువంతే! మిగిలినది ఏమైనది? చేతికఱ్ఱ తాను కదలుటకు కొంత, పట్టీని కొట్టుకొని చట్రమును అదరించుటకు కొంత, రబ్బరులో వేడిగా కొంత పోయినది. ఉండ బరువు రెట్టింపు చేసి చూడుడు. వేగము తగ్గును, కాని శక్తిలో దాని వాటా సాధారణముగా పెరుగును. ఎందుకు? ఈ ప్రశ్న అడిగించు నమూనాయే ప్రయోగము.

ప్రాచీనులు ఈ యంత్రమును కొలతలతోనే కట్టిరి. క్రీ. పూ. 3వ శతాబ్దమున ఫైలో అను గ్రీకు యంత్రశాస్త్రజ్ఞుడు వ్రాసిపెట్టిన సూత్రము చూడుడు: రాతి బరువును మినాలలో తీసికొని, నూరుతో హెచ్చించి, ఘనమూలము కట్టి, దానికి పదవవంతు కలిపినచో, మెలిపెట్టిన త్రాళ్లు దూర్చు రంధ్రపు వ్యాసము వ్రేలి వెడల్పులలో వచ్చును. 10 మినాల రాతికి 11 వ్రేళ్లు. 80 మినాలకు 22. బరువు ఎనిమిది రెట్లయినపుడు వ్యాసము రెట్టింపే. అట్టమీద అలంకారముగా కోటబొమ్మ గీయుటకంటె ఈ లెక్క వ్రాయుట మేలు.

“ఎంత దూరము విసరినది?” అని మాత్రమే అడుగు పరీక్షకులు కూడ ఈ లోపమునకు బాధ్యులే. పది మీటర్లు విసరి కొలతలు చూపలేని నమూనాకంటె, రెండు మీటర్లు విసరి దక్షతా పట్టిక చూపిన నమూనాకు హెచ్చు మార్కులు ఇయ్యవలెను. గోలీలు, గులకరాళ్లు వాడనీయరాదు. మెత్తని మట్టి ఉండ చాలును. విసరునపుడు ఎదుట ఎవరును నిలువరాదు, విసరువాడు కంటికి అద్దములు పెట్టుకొనవలెను.