పది పౌండ్ల ట్రాము

ముద్దనూరు స్టేషన్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మదరాసు. హైకోర్టు పనైనా, పెద్దాసుపత్రైనా మా జేజినాయన కాలంలో కడప జిల్లా వాళ్లకు అదే దిక్కు. కానీ మదరాసు అనగానే ఆయన చెప్పేది ట్రాము గురించే. తోలేవాడు నిలబడే తోలతాడనీ, కాలితో తొక్కి గంట కొడతాడనీ చెప్పేటప్పుడు ఆ గంట తన చెవిలోనే మోగుతున్నట్టు ఉండేది ఆయన ముఖం.

మన దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది మదరాసులోనే, 1895లో. పట్టాల మధ్య భూమిలో వేసిన కాలువ గుండా కరెంటు అందేది. వానలకు అది పాడవుతుంటే తర్వాత పైన తీగలు లాగారు. కంపెనీ దివాలా తీసి 1953 ఏప్రిల్‌లో ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆరు నెలల్లో జేజినాయనకు ట్రామూ పోయింది, రాజధానీ కర్నూలుకు మారింది.

పోయే ట్రామును కాపాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో సౌతాంప్టన్ నగరం ట్రాములను తీసేస్తున్న రోజుల్లో, 1948లో, కొందరు అభిమానులు 45వ నంబరు బండిని పది పౌండ్లకు కొన్నారు. దాన్ని నిలుపుకోవడానికి వాళ్లకు సొంత చోటు కూడా లేదు. ఆ పట్టుదలే పెరిగి పెద్దదై క్రిచ్ అనే ఊళ్లో ట్రాము మ్యూజియమైంది. అక్కడి బండ్లు ఈనాటికీ జనాన్ని ఎక్కించుకుని పట్టాల మీద తిరుగుతాయి. నాకు నచ్చింది అదే. బండి నడిస్తేనే దాన్ని నడిపే విద్య, బాగుచేసే విద్య మిగులుతాయి. చెక్క ఎక్కడ పుచ్చిందో, బ్రేకు ఎక్కడ అరిగిందో పనిచేసే చేతికే తెలుస్తుంది.

బండే కాదు, దాని చిన్న వస్తువులూ దక్కాలి. కలకత్తాలో 1938 నాటి ట్రామునే 2014లో 'స్మరణిక' పేరుతో మ్యూజియం చేశారు. పాత టిక్కెట్లు, టోపీలు, బ్యాడ్జీలే అందులో చరిత్ర చెబుతాయి.

జేజినాయన ట్రంకుపెట్టెలోనూ మదరాసు ట్రాము టిక్కెట్లు ఉండేవి. ఇల్లు తిరగ్గట్టినప్పుడు ఆ పెట్టెను తెరిచి చూడకుండానే పాత ఇనుముకు వేసేశాం. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

ముద్దనూరులో, జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఇంకా అలాంటి పెట్టెలున్నాయి. మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం తెరవండి. పాత టిక్కెట్టో ఫొటోనో కనబడితే అది ఎవరిదో, ఏ ఏటిదో పెద్దవాళ్లనడిగి ఓ కాగితం మీద రాసి దాంతోపాటే దాచండి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగండి.