సురాసుర శబ్దములు: ఒక వ్యుత్పత్తి విచారము

సురలు కానివారు అసురులని బోధించుట మనకు పరిపాటి. శబ్దచరిత్ర ఇందుకు విపరీతముగ నున్నది. ఋగ్వేదమున వరుణుడు, ఇంద్రుడు, అగ్ని మొదలగు దేవతలకే 'అసుర' విశేషణము ప్రయుక్తమైనది. అచట దానికి ప్రభువు, బలశాలి అని యర్థము. అవెస్తాలోని 'అహుర' శబ్దము దీనికి సజాతీయము. దేవతార్థకమైన 'సుర' శబ్దము ఋగ్వేదమున కానరాదు. తరువాతి కాలమున అసురశబ్దము దైత్యవాచకము కాగా, మొదటి అకారమును నిషేధార్థకముగ భ్రమించుటచే 'సుర' శబ్దమేర్పడినది. నల్లని యను నర్థముగల 'అసిత' నుండి 'సిత'యు, 'విధవ' నుండి భర్తృవాచకమైన 'ధవ'యు నిట్లే పుట్టినవి.

వారుణిని గ్రహించినవారు సురలు, గ్రహింపనివారు అసురులు అని రామాయణ బాలకాండము చెప్పుచున్నది. ఇది కథకు శోభాకరమే కాని శబ్దజన్మకు సాక్ష్యము కాదు. అట్లని దీనిని త్రోసివేయరాదు. కావ్యార్థనిర్ణయమున కవి నమ్మిన వ్యుత్పత్తియే ప్రమాణము. శబ్దచరిత్రమున ప్రాచీనప్రయోగమే ప్రమాణము. ఈ రెంటిని వేరుపరచి బోధించుట అధ్యాపకుల విధి.