పిచ్చి కుదురుట, పెండ్లి కుదురుట: ఒక సామెత విమర్శనము

“పెండ్లి అయినగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు” అను సామెత నెరుగని తెలుగువాడు లేడు. అన్యోన్యాశ్రయమను తర్కదోషమును బోధించుపట్ల పాఠశాలా పండితులు మొదట దీనినే యెత్తుకొందురు. విత్తు ముందా చెట్టు ముందా యను ప్రశ్నకంటె నిది బాలురకు నవ్వు పుట్టించును గావున చప్పున మనసున నాటును. అయిన నీ వాక్యమున కాధారమైన మనుష్యుని గూర్చి, అనగా నా పిచ్చివాని గూర్చి, విచారించుట మాత్ర మరుదు. తర్కమున కుదాహరణ మగుటతో వాని పని తీరిపోయినది.

సామెతలో మాటాడువా రిరువురు. పెండ్లియైన కుదురుననువారు రోగి బంధువులు. కుదిరినపిమ్మట చూతమనువారు పిల్లనిచ్చువారు, లేదా కోడలిని తెచ్చుకొనువారు. ఇరుపక్షములవారును పెద్దలే. ఎవనికి పిచ్చియో, ఎవనికి పెండ్లియో, ఆతని నోట నొక్క మాటయు లేదు. ఆతనికి పెండ్లి కావలెనని యున్నదా, యెవరితో కావలెనని యున్నదా యను ప్రశ్నకు వాక్యనిర్మాణముననే చోటు లేదు. లోకజ్ఞానమునకు నిధులని మనము కొనియాడు సామెతలయందు లోకము విననొల్లని గొంతు లెట్లణగిపోవునో తెలియుటకు నిది మంచి నిదర్శనము.

ఇందలి క్రియాపదము గమనింపదగినది. తెలుగున రోగమును కుదురును, సంబంధమును కుదురును, బేరమును కుదురును. నామమైన ‘కుదురు’ చెట్టు పాదునకును, కుండ దొరలకుండ క్రింద నుంచు చుట్టకును చెల్లును. నిలుకడ లేనివానిని కుదురు లేనివా డందుము. కావున కుదురుట యనగా లేశమైన లేకుండ నశించుట కాదు. కదలక నిలుచుటకు తగిన యాధారము దొరకుట. పిచ్చి కుదిరినదనగా నిర్మూలమైనదని యర్థము చేసికొన్నచో సామెత చక్రమై తిరుగును. నిలుకడకు వచ్చినదని యర్థము చేసికొన్నచో చక్రమే లేదు. నేటి వైద్యు లెరిగిన స్థితి యీ రెండవదియే. స్కిజోఫ్రెనియా, బైపోలార్ మొదలగు తీవ్రవ్యాధులు గలవారిలో పలువురు మందులతోడను, ఇంటివారి యాదరణతోడను నిలుకడ చెంది, అప్పుడప్పుడు తిరుగబెట్టినను, ఉద్యోగములు చేయుచు నలుగురిలో మెలగుచున్నారు. అట్టివారికి స్నేహమును ప్రేమయు నెట్లు లభించును, అందు తోడ్పడువారు చేయదగిన దేమి యనునదియే యీ వ్యాసమున ప్రస్తుతము. ఇది వైద్యుల విషయము గదా, సాహిత్యపత్రిక కేల యని యడుగవచ్చును. తోడ్పడువారి చేతికాళ్లను కట్టివేయుచున్న భావములలో కొన్నింటిని మన కావ్యశాస్త్రములే పోషించినవి గావున నిది మన విషయమే.

ఆలంకారికుల సంగతి చూతము. విప్రలంభశృంగారమున కామావస్థలను పదిగా గణించి, అభిలాషము మొదలు మరణమువరకు వరుస యేర్పరచి, ఉన్మాదమున కందు స్థాన మిచ్చిరి. మరియు ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నున్మాద మొకటి. ఇందుచేత కావ్యమున పిచ్చి ప్రేమకు ఫలమే గాని, పిచ్చిగలవానికి ప్రేమ యుండుట యను మాట పొసగదాయెను. విక్రమోర్వశీయము నాలుగవ యంకము దీనికి శిఖరము. పురూరవుడు నెమలిని, కోకిలను, హంసను, ఏనుగును ప్రియురాలి జాడ యడుగుచు వనమెల్ల తిరుగును. సంగమనీయమణి చేతికి వచ్చినపిదప లతను కౌగిలింపగా నది యూర్వశి యగును, రాజు స్వస్థుడగును. అంకము పరమరమణీయము, సందేహము లేదు. కాని యా యున్మాద మెంత సులభముగా నర్థమగునో చూడుడు. రాజు చేయు ప్రతి పొరపాటున కూర్వశీసాదృశ్యమే కారణము. మేఘమును రాక్షసుడనుకొన్నను, ఆ రాక్షసు డామె నెత్తుకొనిపోవుచున్నాడనియే భ్రమ. నిజమైన వ్యాధి యింత పొందికగా నుండదు. అందు వినబడు పలుకులకు ప్రియురాలితో సంబంధ మక్కరలేదు. ఒక్కొక్కప్పుడు ప్రియురాలిమీదనే యనుమానము కలుగును. పలుకులకంటెను, అనుమానములకంటెను స్నేహమున కెక్కువ యడ్డము వచ్చునది నిరుత్సాహము. పలుకరింప మనసుండియు పలుకు పెగలదు, నవ్వవలసినచోట ముఖము కదలదు. జడత యను పేర నాలంకారికులు దీనిని పోలినదాని నొకదానిని చెప్పకపోలేదు గాని, అదియు విరహజన్యమే.

వైద్యశాస్త్ర మిట్టి పొరపాటు చేయలేదు. చరకు డున్మాదము నైదు విధములుగా విభజించెను. సుశ్రుతుడు మనోవికారహేతువులను చెప్పుచు దొంగల భయము, రాజపురుషుల భయము, ధననాశము, బంధునాశములతోపాటు ప్రియాసమాగమవాంఛను నొక హేతువుగా పేర్కొనెను. పెక్కింటిలో నది యొకటి మాత్రమే. కవి దాని నొక్కదానినే యేరుకొనెను; రసపోషణకై యట్లేరుకొనుట కవి కధికారమే. అనర్థ మెచటననగా, కవి యేరుకొన్నదానిని లోకము చికిత్సావిధానముగా స్వీకరించుటలో. ప్రియాసంగమముచే పురూరవుని పిచ్చి కుదిరినది గావున మా వానికిని పెండ్లి చేసిన కుదురునని తలంచుటయే సామెతలోని మొదటి సగము.

ఈ తలంపు కావ్యములతో నాగలేదు. అశుతోష్ ముఖోపాధ్యాయుని వంగకథ ననుసరించి అసిత్ సేన్ 1959లో తీసిన ‘దీప్ జ్వేలే జాయ్’ చలనచిత్రమును, దాని ననుసరించి 1960లో తెలుగున వచ్చిన ‘చివరకు మిగిలేది’యు పెక్కుర యభిమానమును చూరగొన్నవి. (బుచ్చిబాబుగారి నవల కాపేరే యైనను కథ వేరు.) చికిత్సాలయమున నొక పరిచారిక వైద్యుని యాదేశమున రోగిపై ప్రేమ నటించును. రోగి స్వస్థుడై వెడలిపోవును. నటన నిజమైపోగా నామెయే యున్మత్తురాలై రోగిగా మిగులును. కథ కంటతడి పెట్టించును. అయిన నిందు ప్రేమ మందువలె నొక మోతాదున నీయబడి, పని తీరగానే నిలుపబడినది. రోగి కది నటనయని తెలియదు గావున నాతని యనుమతి యను మాటయే లేదు. పరిచారిక మనసు నెవరు నడుగలేదు. కథకు డీ యన్యాయమును లేశ మెరిగియే యుండెనని ముగింపువలన తోచుచున్నది. ప్రేక్షకులు మాత్రము దానిని త్యాగమని కీర్తించి యూరకుండిరి. ప్రేమను చికిత్సగా వాడుట వేరు, చికిత్స పొందుచున్నవాడు ప్రేమింప నేర్చుటకు తోడ్పడుట వేరు. ఈ భేదము తెలియనిచో నెంత సహృదయుడైన పరిచారకుడైనను కీడే చేయును.

ధర్మశాస్త్రమున కొంత మేలైన జాడ కనబడుచున్నది. తొమ్మిదవ యధ్యాయమున మను వున్మత్తాదులకు దాయభాగము లేదని చెప్పి, ఆ వెంటనే వారికి భార్యలం దర్థిత్వము కలిగెనేని వారి సంతానము భాగార్హమని విధించెను. భాగము తీసివేయుట కఠినమే; 1928 నాటి శాసనము పుట్టుకతో నున్మత్తుడైనవానికి, జడునికి తప్ప తక్కినవారికి దానిని తొలగించినది. కాని ‘అర్థిత’ యను నా చిన్నపదము మన సామెతలో లేనిదానిని పలుకుచున్నది. కోరిక యెవనిదో వానికే యిచట చెప్పబడినది. ఎనిమిదవ యధ్యాయమున నింకొక విధి కలదు. కన్య యున్మత్తయైనను, కుష్ఠరోగిణియైనను, ఆ సంగతి ముందే తెలిపి యిచ్చినవాడు దండార్హుడు కాడు. ఎరుక చేయుటయే యందు ప్రధానము. నేటి మన యిండ్లలో జరుగుచున్న దేమి? మాత్రలు దాచి, వైద్యుని చీటీలు దాచి, ముహూర్తము పెట్టుదురు. అత్తింట మాత్ర మ్రింగిన నెవరైన చూతురను భయమున కొత్తకోడలు మందు మానును. కొలది వారములలో వ్యాధి తిరుగబెట్టును. మోసపోతిమని యొకరు, మీ యింటనే వచ్చినదని యొకరు కలహింతురు. చెన్నపురి స్కిజోఫ్రెనియా పరిశోధనసంస్థవారు, కాపురము చెడిన వ్యాధిగ్రస్త స్త్రీలను గూర్చి 2003లో ప్రకటించిన పరిశీలనమున, భర్త విడిచినను తాళి తీయక మరల కలియుదుమను నాశతో నున్నవారు పలువురు కనబడిరి. ఇట్టివారిని తలంచినపుడు సామెతకు నవ్వు రాదు.

ఇక రాజశాసనములు. 1955 నాటి హిందూవివాహశాసనము వధూవరులలో నెవరును పిచ్చివారుగాని జడులుగాని కారాదని టూకీగా చెప్పెను. 1976లో దానిని సవరించి, సమ్మతి యీయజాలకుండుట, సమ్మతి యీయగలిగినను వివాహమునకును సంతానోత్పత్తికిని తగనంత వ్యాధి యుండుట, పిచ్చి మాటిమాటికి వచ్చుట యని విడదీసిరి. ఆ వరుసలో చేర్చిన మూర్ఛరోగమును 1999లో తొలగించిరి. సుప్రీంకోర్టు 1988లో, స్కిజోఫ్రెనియా యను పేరు పెట్టినంత మాత్రమున విడాకులు రావనియు, వ్యాధి తీవ్రత యెంతయో చూడవలెననియు తీర్పు చెప్పినది. ఆంధ్రదేశమునుండి వెళ్లిన యొక వ్యాజ్యమున 2013లో నదే మాటను మరల నుద్ఘాటించినది. భారతదేశము 2007లో నంగీకరించిన ఐక్యరాజ్యసమితి యొడంబడిక, వైకల్యముగలవారు స్వేచ్ఛాసమ్మతితో వివాహమాడు హక్కును తన యిరువదిమూడవ యధికరణమున గుర్తించినది. దానికిని మన వివాహశాసనమునకును పొత్తు కుదిర్చుట న్యాయవాదుల పని. పేరును బట్టి గాక తరతమములను బట్టి తీర్పు చెప్పవలెనను పద్ధతి విమర్శకులకును పనికివచ్చునని మాత్ర మందును.

తోడ్పాటనగా నేమి? కాలిఫోర్నియాలో రాబర్ట్ లిబర్మన్ మొదలగువారు సాంఘిక నైపుణ్యములను పాఠములుగా నేర్పు పద్ధతి నేర్పరచి, అందు స్నేహసాన్నిహిత్యముల కొక భాగమునే కేటాయించిరి. ఎదుటివారి ముఖము చూచి పలుకుట, మాట నందిపుచ్చుకొనుట, కాదన్నపుడు మర్యాదతో తప్పుకొనుట, తాను కాదనదలచినపుడు కాదనగలుగుట మొదలగు వానిని నటించి, మరల మరల నభ్యసింతురు. మన పండితులు శబ్దమంజరి వల్లె వేయించునట్లే యిదియు వల్లెవేతయే. హాస్యమునకు కారణము లేదు. వ్యాధిని గూర్చి యెప్పుడు చెప్పవలెనను చిక్కు దీనికంటె పెద్దది. మొదటిమాటలోనే చెప్పిన స్నేహ మంకురింపదు. పెండ్లిపీటలవరకు దాచిన నది వంచన. ఎదుటివారిపై నమ్మకము కలిగినపుడు, నిశ్చయమునకు పూర్వమే, తన నోటనే చెప్పుట మంచిదని తోచుచున్నది. పెద్దలు చాటుగా చెప్పుటకును, తాను చెప్పుటకును గల యంతర మింతంత కాదు. మందుల సంగతియు మరువరాదు. కొన్ని మందులు కామేచ్ఛను తగ్గించును, స్త్రీలకు ఋతుక్రమమును చెరచును. కొన్ని గర్భస్థశిశువునకు హానికరములు. రోగి సిగ్గుచే చెప్పడు, వైద్యుడు తొందరచే నడుగడు, మందు రహస్యముగా మానబడును. అడిగిన పక్షమున మార్చదగిన మందు లనేకము గలవు.

భాషవిషయమున నొక్కమాట. భాగ్యనగరమున ‘ఎర్రగడ్డ’ యనగా నొక పేట పేరు. అచటి మానసిక చికిత్సాలయము మూలమున నదియే తిట్టుగా మారినది. చికిత్సకు పోయినవాని యూరిపేరే తిట్టైన చోట, నేను చికిత్స పొందుచున్నానని ప్రియునితో నెవరు చెప్పగలరు?

తెలుగు భారతములోని యారణ్యపర్వమున నలోపాఖ్యానము నీదృష్టితో మరల చదువవలెనని నా కోరిక. కలి సోకుట రోగము కాదు. అట్లనుకొనియే మనవారు రోగులను భూతవైద్యుల పాలు చేయుచున్నారు. కాని కథాక్రమము సామెతకు నేరుగా నెదురు. నలుడు నిద్రించుచున్న భార్యను విడువలేక, ఉండలేక, పోవుచు మరలుచు నుండును. దమయంతి యతనిని తిట్టక, అతని కీ దుర్దశ కలిగించిన భూతమును శపించును. చీరచెరగుతో నున్మత్తవలె చేదిపురము చొచ్చినపు డామెను బాలురు వెంబడింతురు. పిచ్చి యను ముద్ర ప్రేమించువారికి నెట్లంటుకొనునో యిచట కవి యెరిగి చెప్పెను. కలి వదలుట పునస్సమాగమమువలన కాదు, అక్షహృదయవిద్య నేర్చుటవలన. సమాగమ మంతకు తరువాతిది; అయినను పూర్ణస్వాస్థ్యమువరకు వేచినది కాదు. నలుడింకను బాహుకుని కురూపముననే యుండగా దమయంతి కేశినిని పంపి పరీక్షింపజేసి, వంటకము రుచి చూచి, బిడ్డలను చూపించి, తుదకు తానే పిలిపించి యెదుట నిలిపి ప్రశ్నించును. ప్రశ్న బంధువులతో కాదు, ఆతనితోనే. ఆతడును నొచ్చుకొనుచునే సమాధానము చెప్పును. ఒక్క నలుని కథలోనే యింత స్పష్టముగా నున్న యీ ఘట్టమును మనము సతీధర్మమునకు మాత్ర ముదాహరణగా పాఠము చెప్పుచున్నాము.

సామెతకు ‘పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదురదు’ అను పాఠాంతరమును గలదు. రెండుచోట్లను కుదురుటయే యుండుటచే నిదియే ప్రాచీనతరమని నా యూహ. ఇతర మండలములలో వినవచ్చు రూపములను, ముఖ్యముగా స్త్రీల నోట వినవచ్చువానిని, ఎరిగిన పండితులు ఈ పత్రికయందు ప్రకటింతురుగాక.