ప్రశ్నతో కలిసి చదవవలసిన గద్యం: మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ – పరిశీలన

సాహిత్య చరిత్ర మాలతీ చందూర్‌ను ప్రధానంగా నవలా రచయిత్రిగానే గుర్తించింది. ‘చంపకం–చెదపురుగులు’, ‘భూమిపుత్రి’, ‘శిశిర వసంతం’, ‘శతాబ్ది సూరీడు’ మొదలైన నవలలూ, 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘హృదయనేత్రి’ ఆ గుర్తింపుకు ఆధారాలు. అయితే నూజివీడులో పుట్టి, మద్రాసులో స్థిరపడి, 2013లో కన్నుమూసిన ఈ రచయిత్రిని తెలుగు ఇళ్లకు వారం వారం చేర్చింది నవల కాదు. ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలో 1950లలో మొదలై దాదాపు అర్ధశతాబ్ది నడిచిన ‘ప్రమదావనం’ శీర్షిక. ఆ గద్యానికి సాహిత్య విమర్శలో తగిన చోటు ఎందుకు దక్కలేదన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

పత్రికా రచన తాత్కాలికమన్న సమాధానం ఇక్కడ చెల్లదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలూ పత్రికల్లో వెలువడినవే. వాటిని పాఠ్యాంశాలుగా బోధించడానికి మనం సంకోచించలేదు. కాబట్టి అడ్డు వచ్చింది ప్రచురణ స్థలం కాదు, వస్తువు. సంఘ దురాచారంపై ఉపన్యాసం సాహిత్యమైంది; వంట, కాన్పు, అత్తవారిల్లు, ఆడపిల్ల చదువు గురించిన జవాబు ‘స్త్రీల పేజీ’గా మిగిలింది.

రెండింటి నిర్మాణాన్ని పోల్చితే ‘ప్రమదావనం’ ప్రత్యేకత తెలుస్తుంది. సాక్షి సంఘం కల్పితం. అక్కడ వక్త, శ్రోత ఇద్దరూ రచయిత సృష్టే. ‘ప్రమదావనం’లో ప్రశ్న పాఠకురాలిది. అంటే ఆ పాఠంలో సగం పేరులేని స్త్రీలు రాసినది. జవాబుకు కూడా ఇద్దరు సంబోధితులు: ఉత్తరం రాసిన మనిషి ఒకరు, అదే బాధ ఉండీ రాయలేక చదువుతున్న మనిషి మరొకరు. ఈ ద్విముఖ సంబోధన వల్ల జవాబు మరీ ఆంతరంగికం కాలేదు, పూర్తి ఉపదేశమూ కాలేదు. ఈ గద్యంలోని క్లుప్తతను పత్రిక స్థలాభావానికే ముడిపెట్టడం చాలదు. అది ఈ సంబోధన నుంచి పుట్టిన శైలి.

పేరులోనూ ఒక వైరుధ్యం ఉంది. సంస్కృత నాటకాల్లో ప్రమదావనం అంతఃపుర స్త్రీల విహారోద్యానం. బయటివారికి ప్రవేశం లేని చోటు. వారపత్రిక ఆ తోటకు గోడలు తీసేసింది. ఇంటి లోపల అణగిపోయే మాట అచ్చులో అందరి ఎదుటా నిలిచింది.

పరిమితి లేకపోలేదు. ఉత్తరం సమస్యను ఒక వ్యక్తి కష్టంగా చెబుతుంది; జవాబూ ఆ వ్యక్తి ఏం చేయాలన్న చోటే ఆగే వీలుంది. ఆస్తి, చట్టం, కుటుంబ వ్యవస్థ నేరుగా బోనెక్కే అవకాశం ఈ ప్రక్రియలో తక్కువ. 1980లలో బలపడిన స్త్రీవాద సాహిత్యం భిన్నమైన భాషను వెతుక్కోవడానికి ఇదొక కారణంగా భావించవచ్చు. కానీ ఒకే తీరు ప్రశ్న వేర్వేరు ఊళ్ల నుంచి, ఏళ్ల తరబడి వస్తే అది వ్యక్తిగతంగా మిగలదు. ఒక ఉత్తరం సొంత గోడు. దశాబ్దాల ఉత్తరాలు సామాజిక చరిత్ర.

స్వాతి మాసపత్రికలోని ‘పాత కెరటాలు’నూ ఈ దృష్టితోనే చూడాలి. ఆంగ్లంలో చదివే వీలులేని పాఠకులకు ప్రపంచ నవలలను కొన్ని పుటల్లో పరిచయం చేసిన ఆ రచనలు అనువాదమూ కావు, సమీక్షా కావు. అడగని ప్రశ్నకు ఇచ్చిన జవాబులవి. నవలను కుదించినప్పుడు కథ మిగిలి శిల్పం జారిపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఆ పరిచయం లేకుంటే అనేకులకు ఆ కథ కూడా అందేది కాదు.

కనుక ‘ప్రమదావనం’ను రచయిత్రి జీవిత విశేషంగా ఒక వాక్యంలో ప్రస్తావించి వదలడం సరికాదు. పరిశోధకులు ముందుగా చేయవలసింది పరిష్కరణ: వారపత్రిక సంచికల నుంచి ప్రశ్నలనూ జవాబులనూ కలిపి, తేదీల క్రమంలో సంకలనం చేయాలి. ప్రశ్నలను తొలగించి జవాబులనే ఏరితే మిగిలేది సూక్తి సంగ్రహం. తమ పేరు దాచుకొని అడిగిన స్త్రీలను అప్పుడు సాహిత్య చరిత్ర రెండోసారి విస్మరించినట్లవుతుంది.