మూడు మూలల తెరచాప, ఒడ్డున వేసే తాళ్లు

హుస్సేన్ సాగర్‌లో పోటీలు జరిగే రోజుల్లో ట్యాంక్‌బండ్ మీద నిలబడితే ఎక్కువగా కనిపించేవి లేజర్, ఆప్టిమిస్ట్ పడవలు. వాటిలో మనిషి ఒక్కరే, తెరచాప ఒక్కటే, తాళ్ల పనీ కొంచెమే. ఇద్దరు నడిపే 470 పడవ సంగతి వేరు. ఫ్రాన్స్‌లో ఆంద్రే కార్నూ 1963లో రూపొందించిన ఈ పడవ పొడవు 4.70 మీటర్లు, పేరు దాన్నిబట్టే. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్‌లో ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి నడిపారు. దీనికి పెద్ద తెరచాప, ముందువైపు జిబ్ కాక, గాలి వెనక నుంచి వీచేటప్పుడు ఎత్తే మూడోది కూడా ఉంది. అదే స్పిన్నేకర్. పలచని నైలాన్ గుడ్డ, విప్పితే తక్కిన రెండూ కలిపినంత ఉంటుంది.

పెద్ద తెరచాప మాస్టు గాడిలోకి దూరి నిలుస్తుంది. జిబ్ ముందు అంచు తీగలా బిగుసుకుని ఉంటుంది. స్పిన్నేకర్‌కు అలాంటి ఆసరా ఏదీ లేదు. పైమూలకు పైకెత్తే తాడు హాలియర్డ్, కింది రెండు మూలలకు చెరొక తాడు, అంతే. గాలి నిండిన గుడ్డ మొత్తాన్నీ ఆ మూడు తాళ్లే పట్టి ఆపాలి. అందుకే దాన్ని ఎంత బాగా కుట్టారన్న దానికన్నా తాళ్లు ఏ దారిన పోయాయన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఆ దారికి సూత్రం ఒక్కటే. అన్నిటికీ బయట నుంచి. కింది మూలకు కట్టిన షీట్ తాడు మాస్టును పక్కల నుంచి నిలబెట్టే ష్రౌడ్ తీగకు బయటగా వెనక్కి వెళ్లి, పడవ వెనక మూలలోని కప్పీ చుట్టి, లోపలికి తిరిగి ముందుకు రావాలి. అవతలి షీట్ ముందు తీగ ఫోర్‌స్టేకి కూడా ముందు నుంచి తిరిగి తన వైపు చేరాలి. జిబ్ తాళ్లు వీటికి లోపలే ఉండాలి. ఒక్కచోట దారి తప్పి ష్రౌడ్ లోపల నుంచి పోయినా ఒడ్డున ఎవరికీ కనబడదు. తెరచాప ఎత్తాకే తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది దాన్ని దించడమే.

చూసుకునే పద్ధతి మాత్రం చాలా సులువు. తెరచాప తగిలించకముందే హాలియర్డ్ కొసను, రెండు షీట్ల కొసలను ఒకటిగా ముడేసి, ఆ ముడిని చేత్తో పట్టుకుని పడవ ముక్కు ముందుగా ఒక పక్క నుంచి రెండో పక్కకు నడవాలి. ఎక్కడా తట్టుకోకుండా వస్తే దారి సరిగ్గా ఉన్నట్టే. తరవాత తలెత్తి మాస్టు పైకి చూడాలి. హాలియర్డ్ ఫోర్‌స్టే చుట్టూ ఒక మెలిక వేసుకుని కూర్చోవడం మామూలే. నేర్పేవాళ్లు మొదట ఇదే చూపించాలి గానీ, చాలామంది ముడులతో మొదలుపెడతారు.

ముడులూ అక్కర్లేదని కాదు. షీట్‌ను మూలకు కట్టడానికి బౌలైన్ చాలు. ఎంత లాగినా జారదు, పని అయ్యాక వేలితో విప్పొచ్చు. అయితే డైనీమా తాడు నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి అందులో జారొచ్చు, అక్కడ తాడును తాడులోకే దూర్చి అల్లడం మేలు. హాలియర్డ్‌కు సాగని తాడు కావాలి, సాగితే పైమూల కిందికి జారి తెరచాప ఆకారం చెడుతుంది. షీట్‌కు బరువు తక్కువైతే చాలు. ముందు భాగంలో పైతొడుగు ఒలిచేసి సన్నబరిస్తారు, చిరుగాలిలో తడి తాడు బరువుకే మూల వాలిపోకుండా.

గాలి వచ్చే వైపు మూలను ముందుకు తోసి ఉంచేది పోల్. రెండు కొసలకూ కొక్కేలు ఉంటాయి, ఒకటి షీట్‌ను పడుతుంది, రెండోది మాస్టు మీది రింగును. నడుమ నుంచి ఒక తాడు పైకి, ఒకటి కిందికి. కింది మూలలు రెండూ ఒకే ఎత్తులో ఉండేలా దాన్ని ఎత్తుతారు, దించుతారు. షీట్‌ను ష్రౌడ్ దగ్గర అంచుకు దించే చిన్న తాడు మరొకటుంది. అది వదులుగా ఉంటే పోల్ గాలికి ఎగిరి ఊగుతుంది.

సంచిలో మడవడం చాలామంది చిన్నచూపు చూసే పని. పైమూల నుంచి రెండు పక్క అంచుల వెంట చేతులు జరుపుతూ కిందికి రావాలి. మెలిక లేదని తేలాక నడుమ గుడ్డను సంచిలో కుక్కి మూడు మూలలను పైన పెట్టాలి. మెలిక మిగిలిపోతే పైకెళ్లిన తెరచాప నడుమ నులుముకుని పైనా కిందా రెండు బుడగలుగా ఉబ్బుతుంది.

నీటి మీద హాలియర్డ్ లాగేది చుక్కాని పట్టినవారే. చుక్కాని కర్రను మోకాళ్ల మధ్య ఇరికించి రెండు చేతులతో లాగుతారు. ఆ లోపు రెండోవారు పోల్ తగిలిస్తారు. తరవాత షీట్‌ను మెల్లగా వదులుతూ పోవాలి, గాలి వచ్చే వైపు అంచు కాస్త వణికేదాకా. వణికితే పిసరంత లాగాలి, మళ్లీ వదలాలి. ఆ పని పరుగు అయ్యేదాకా ఆగదు. షీట్ ఎప్పుడూ ఒకేచోట కప్పీకి రాసుకుని అరుగుతుంది కాబట్టి, ఆ చోటును అప్పుడప్పుడూ చూసుకోవాలి.