శ్రీనాథుని కడపటి చాటువులు

వాడరేవు కనతిదూరమున, అదే తీరమున, మోటుపల్లి యున్నది. నేడది యొక చిన్న గ్రామము. 1244లో కాకతి గణపతిదేవుడును, 1358లో కొండవీటి అనపోతారెడ్డియు పరదేశవర్తకుల కభయమొసగి శాసనములు వేయించిన రేవది. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయైన అవచి తిప్పయసెట్టి సింహళమునుండి యేనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టుబట్టలను తెప్పించిన వర్తకుడని యా కావ్యావతారికయే చెప్పుచున్నది. శ్రీనాథ జీవితమును వ్రాయువారు కొండవీటి కోటను వర్ణింతురుగాని, సముద్రము వంక తిరిగి చూడరు. ఆస్థానకవి భుజించిన యన్నము కోటగోడలలో పండినది కాదు. రేవు సుంకమును, సెట్ల లాభమును, మంత్రుల యీవియు నున్నంతకాలమే విద్యాధికారి పదవికి విలువ.

ఈ సంగతి మఱచుటవలననే యొక యపవాదు పాఠశాలలలో స్థిరపడిపోయినది. కవి భోగలాలసుడట, గడించినదెల్ల వెచ్చించెనట, కావుననే వార్ధకమున దుఃఖపడెనట. పండితులు పద్యము నర్థము చెప్పి, వెంటనే యీ నీతిని జోడింతురు. పద్యములు మాత్రమట్లు చెప్పుటలేదు.

ఆ కడపటి చాటువులు శ్రీనాథుని కావ్యములలోనివి కావు. నోటనోట నిలిచి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటివారి సేకరణలవలన గ్రంథస్థములైనవి. కర్తృత్వమును శంకించుటకు తావున్నది. అయినను అవి యాతనివే కాకున్నను, ఆతని గతి నెరిగిన లోకము చెప్పిన సాక్ష్యముగనైన గ్రహింపవలసినవే.

పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారి. 1409 నాటి ఫిరంగిపుర శాసనమున నా పదవితోనే తన్ను చెప్పుకొన్నాడు. 1420లో ప్రభువు గతించెను. 1424 నాటికి రాచవేమునితో కొండవీటి రెడ్డిరాజ్యమే యంతరించెను. కొలువు పోవుట యిది మొదటిసారి. అప్పటికి కవికి వయసును, వెదకుకొనుటకు వేఱు కొలువులును గలవు. రాజమహేంద్రవరమున వీరభద్రారెడ్డి దొరకెను. అచ్చట కాశీఖండావతారికలో తన గ్రంథములలో కొన్నిటిని ఏ వయసున నేది రచించెనో వరుసగా చెప్పి, ప్రాయమింకను వ్రాలకమునుపే యీ మహాగ్రంథమును తెనిగింతునన్నాడు. దానిని కేవలము గర్వోక్తిగా చదువరాదు. వయసు మీఱుచున్న యుద్యోగి క్రొత్త ప్రభువునకు సమర్పించిన పూర్వసేవావివరమది. 1448 ప్రాంతమున గజపతుల విజృంభణముతో నా రాజ్యమును పోయెను. 1454లో కొండవీడును గజపతుల వశమయ్యెను. రెండవసారి కొలువు పోయిననాటికి పాండిత్యము తగ్గలేదు; దానికి వెలయిచ్చువారే లేరైరి.

దీని తరువాతి పట్టికయే పోషకుల మృతిని జెప్పు చాటువు. వీరభద్రారెడ్డి పోయెను, రత్నాంబరము లెవడిచ్చును? తెలుంగరాయడు పోయెను, కస్తూరి యెవనిని వేడవలెను? విస్సనమంత్రి పోయెను, పైడిపాత్రలో భోజన మెవని పంక్తిని? మైలారురెడ్డి పోయెను, దినవెచ్చ మెవడు తీర్చును? ప్రతి దాతయు తానిచ్చిన వస్తువుచేతనే స్మరింపబడినాడు. విలపించుచున్న కవి యనుకొందుము గాని, జీతపు లెక్క నప్పగించుచున్నాడు. ఆ లెక్కలోని వస్తువులను పరిశీలింపవలెను. వస్త్రము చినుగును, కస్తూరి యావిరియగును, అన్నము నాడే చెల్లును. దాచుకొనదగిన దొక్కటియు లేదు. నేలమాట యసలే లేదు. మాసిన బట్టతో సభకేగిన కవికి పీట వేయువా రుండరు గనుక, భోగమని నిందింపబడినది చాలవఱకు వృత్తిసామగ్రియే. అంత్యమున పస్తుండుట దుర్వ్యయమువలన గాదు, ఆ జీతముయొక్క స్వభావమువలన.

ఇక బొడ్డుపల్లె పద్యము. జీవితమంతయు నేల దొరకని కవి కడపట నేలనే గుత్తకు దీసికొన్నాడు. పాలుకు చేసినచో నష్టములో భూస్వామికిని భాగముండును. గుత్తలో నదియెల్ల గుత్తదారునిదే. పండిన కొంచెము కృష్ణవేణి కొనిపోయెను. నువ్వులు పెసలు పిట్టలు తినిపోయెను. ఏడునూఱుల టంకములు మాత్ర మట్లే నిలిచినవి. ఆ పద్యమున కవి తన శరీరమును నాలుగు భాగములుగా చూపుచున్నాడు: కంఠమునకు పొగడదండ, పాదములకు సంకెల, ముంజేతికి వెదురు, భుజముపై నగరివాకిటి నల్లరాయి. వ్యాఖ్యాతలు పొగడదండలోని శ్లేషను మెచ్చి యాగుదురు. పూదండ పేరే శిక్షాసాధనమున కుండుట నిజముగా చిత్రమే. కాని దానికంటె గమనింపదగినది సంబోధనల వరుస. ఆ కంఠము కవిరాజుది, పాదములు నైషధమును తెనిగించినవానివి, ముంజేయి వీరభద్రారెడ్డి విద్వాంసునిది, భుజము సార్వభౌమునిది. బాకీపడిన గుత్తదారుగా నేయవయవమును జెప్పలేదు. కొలువు పోయి యేండ్లైనను వెనుకటి పదవులతోనే తన్ను చెప్పుకొను వృద్ధుని మాటతీరిది. ఎండలో నిలువబెట్టిన తలారికి నైషధమన నేమి?

దానమడుగుటలో నంతటి నేర్పరి. తెలుంగరాయని కస్తూరి వేడిన చాటువులో నెంత చనువు, నెంత దర్పము! ఇచ్చట దాతపేరు లేదు. టంకములెట్లు చెల్లింతునను ప్రశ్నతో పద్యము ముగియును. ఆ ప్రశ్న యెవని నుద్దేశించి వేసినదో పద్యములో లేదు.